నోట్లో నాలుగు నేరేడు పళ్ళు

గడియారాలు బాగుచేసేవాడి దుకాణంలో ఏ రెండు గడియారాలూ ఒకే టైము చూపించవు. తమ్ముడు బతికున్నప్పుడు ఎవరైనా ఆ మాట అని వెక్కిరిస్తే, "జబ్బు నయమైనవాళ్ళు ఆసుపత్రిలో ఎందుకుంటారండీ? ఇక్కడున్నవన్నీ రోగులే" అనేవాడు. వాడు పోయి నెల దాటింది. రోగులు మాత్రం గోడలకు వేలాడుతూ, ఎవరి పాటికి వాళ్ళు టిక్కుటిక్కుమంటూనే ఉన్నారు. వాటిని ఎవరివి వాళ్ళకు అప్పజెప్పడానికి అక్క రోజూ సాయంత్రం వచ్చి ఆ కుర్చీలో కూర్చుంటోంది.

అక్క పని బట్టలు కుట్టడం. గడియారాల గురించి ఆవిడకు తెలిసిందల్లా టైము చూసుకోవడమే. అయితే తమ్ముడు ఒక మంచి పని చేసిపెట్టాడు. ప్రతి గడియారానికీ దారంతో చిన్న అట్టముక్క కట్టి, దాని మీద మనిషి ఆనవాలు రాసేవాడు. పేర్లు వాడికి గుర్తుండవు, మనుషులు గుర్తుంటారు. "మందుల షాపాయన." "లెక్కల టీచరమ్మ." "ఎప్పుడూ తొందరలో ఉండే ఆయన." "బేరమాడే పెద్దావిడ." ఆ పెద్దావిడ వచ్చి తన అట్టముక్క తనే చదువుకుని, మొహం మాడ్చుకుని, అంతలోనే కళ్ళొత్తుకుని వెళ్ళింది.

అలా ఒక్కొక్కటే వెళ్ళిపోగా చివరికి ఒక్కటి మిగిలింది. ఆకుపచ్చ రంగు వెలిసిపోయిన పాత అలారం గడియారం. దాని అట్టముక్క మీద ఒకే మాట ఉంది: "పిట్ట."

మొదటి రోజు అది చూడగానే అక్క ఆ అట్టముక్కను దీపం దగ్గరికి తీసుకెళ్ళి మళ్ళీ చదివింది. లోకంలో పిట్ట అని పిలిపించుకునేవాళ్ళు ఎందరో ఉండొచ్చు. కానీ తమ్ముడి చేత ఆ మాట రాయించుకోగల పిట్ట ఒక్కతే. ఆ పిల్ల నలభై మూడేళ్ళుగా ఎక్కడుందో, అసలుందో లేదో అక్కకు తెలియదు. తెలుసుకునే ప్రయత్నమూ చెయ్యలేదు. తెలిస్తే వెళ్ళాలి, వెళ్తే చెప్పాలి. అందుకే తెలుసుకోలేదు.

చెప్పాల్సిన మాట ఒక్కటే. అది తమ్ముడికి చెప్పడానికి నలభై మూడేళ్ళు దొరికాయి, చెప్పలేదు. వాడు కంటికి అద్దం పెట్టుకుని, చిమటాతో ఓ చిన్న మరమేకు ఎత్తుతూ ఎత్తుతూ బల్ల మీద తల వాల్చేశాడు. ఇక మిగిలింది పిట్ట. గడియారం కోసం ఏదో ఒక రోజు వస్తుంది. ఆ రోజు కూడా నోరు పెగలకపోతే, ఆ మాట వినాల్సినవాళ్ళు ఇక భూమ్మీద ఎవరూ ఉండరు.

*

వాళ్ళ చిన్నప్పుడు వీధి చివర పిండిమర ఉండేది. మర వెనక నేరేడు చెట్టు. పొద్దున మొదలైతే దీపాలు పెట్టేదాకా మర దడదడలాడుతూనే ఉండేది. దాని వెనక కిటికీలోంచి పిండి పొగలా వచ్చి చెట్టు మీద పడేది. వాన పడి కడిగితే తప్ప ఆ చెట్టు పిండి డబ్బా మీద పడేసుకున్న పిల్లలా తెల్లగా నిలబడి ఉండేది. వీధిలో పిల్లలు ఇంకా చాలామంది ఉన్నారు కానీ, ఆ పిండికి తుమ్ములొచ్చి ఎవరూ దాని జోలికి పోయేవారు కాదు. కాబట్టి చెట్టు మొత్తం ముగ్గురిదే. పదకొండేళ్ళ పిట్ట, పన్నెండేళ్ళ అక్క, ఎనిమిదేళ్ళ తమ్ముడు.

పైకెక్కితే వీధి వీధంతా అరచేతిలో ఉన్నట్టు కనిపించేది. బడిలో పులిలా గర్జించే హెడ్మాస్టరు డాబా మీద బనీనుతో గుర్రుపెట్టి నిద్రపోవడం, పొరుగింటి కోడలు అత్తగారు అటు తిరగగానే పాలమీది మీగడ వేలితో తీసి నాకడం, అన్నీ వాళ్ళకు తెలుసు. తెలిసినవేవీ కిందికి దిగాక చెప్పుకునేవారు కాదు. చెట్టు మీది మాట చెట్టు మీదే. పిట్టకు పైన రెండు కొమ్మలు చీలినచోట ఒక పీట ఉండేది. అక్కకు దాని కింద. తమ్ముడికి అన్నిటికన్నా కింద. "ఎప్పుడూ నాకు కిందదేనా?" అని వాడు రోజూ గొడవ పెట్టేవాడు. "పెద్దయ్యాక పైది నీకే ఇస్తాన్రా" అని పిట్ట రోజూ మాటిచ్చేది.

నేరేడు కొమ్మ అసలే పెళుసు. దానికి తోడు ఆ పిండి ఒకటి. ఎండిందేదో పచ్చిదేదో కంటికి తేడా తెలిసేది కాదు. అందుకని వాళ్ళు ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. ముందు పిట్ట ఎక్కాలి, ఎందుకంటే ఆ పిల్ల గుప్పెడంత మనిషి. ప్రతి కొమ్మనూ చేత్తో వంచి, కాలితో తొక్కి చూడాలి. ఎండుదైతే "ఎండూ!" అని కేక వెయ్యాలి. మర చప్పుడులో ఆ కేక కిందవాడి దాకా రాదు. కాబట్టి మధ్యలో ఉన్న అక్క దాన్ని అందుకుని తమ్ముడికి అందించాలి. కేక వస్తే ఆ కొమ్మ మీద అడుగు పెట్టకూడదు. కేక రాలేదంటే అది పచ్చిదే. వాళ్ళు ఏళ్ళ తరబడి ఎక్కారు, ఒక్కసారి కూడా మోచెయ్యి గీరుకోలేదు.

రెండో కట్టుబాటు, చెట్టు మీద ఉండగా ఒక్క పండు కూడా నోట్లో పెట్టకూడదు. కోసినవన్నీ తమ్ముడి మెడలో వేలాడే గుడ్డసంచిలో పడాలి. కిందికి దిగాక మూడు కుప్పలు. ఒకటి మిగిలిందంటే పిట్ట దాన్ని ముందుపళ్ళతో కొరికి మూడు ముక్కలు చేసేది. గింజతో ఉన్న ముక్క ఎవరికన్నదాని మీద ఓ పెద్ద తగువు నడిచేది.

ఆ ఏడు పళ్ళు ఆలస్యంగా వచ్చాయి. ఆకుల చాటున ఒక గుత్తిలో నాలుగే నాలుగు, నల్లగా, బొటనవేలంత లావున అక్క కంటపడ్డాయి. పిట్ట పైన వీపు తిప్పి ఉంది. తమ్ముడు కింద కాండాన్ని కావలించుకుని ఉన్నాడు. మధ్యలో ఉన్నదాన్ని చూసేవాళ్ళెవరు? ఒకటి నోట్లో వేసుకుంది. ఒకటి వేసుకున్న నోరు ఊరుకుంటుందా? నాలుగూ వేసుకుంది. రెండు బుగ్గల్లో చెరి రెండు.

సరిగ్గా అప్పుడే పైనుంచి "ఎండూ! ఎండూ!" అని వినిపించింది.

అక్క విన్నది. ఈ నలభై మూడేళ్ళలో తనకు తను ఎన్ని కథలు చెప్పుకున్నా, విన్నాననే సంగతి మాత్రం ఆవిడ ఏనాడూ మార్చుకోలేకపోయింది. నోరు తెరిస్తే పళ్ళు జారి నేరుగా తమ్ముడి నెత్తిన పడతాయి. మింగుదామంటే గింజలు. ఒక్క క్షణం, నమిలేసి చెబుదాం అనుకుంది. తను మాత్రం ఆ కొమ్మను తప్పించి పై కొమ్మ మీద కాలు పెట్టింది. కింద తమ్ముడు తల పైకెత్తి, అలవాటు ప్రకారం కేక కోసం ఒక్క క్షణం ఆగాడు. కేక రాలేదు. అడుగు వేశాడు.

కొమ్మ విరిగిన చప్పుడు కూడా మర చప్పుడులో కలిసిపోయింది.

అక్క ఎలా దిగిందో ఆవిడకే తెలియదు. గింజలు ఎక్కడ ఉమ్మేసిందో తెలియదు. వాడి మీదికి వంగి నోరంతా తెరిచి ఏడ్చింది. వాడు మాత్రం ఏడవలేదు, కళ్ళు పెద్దవి చేసుకుని అక్క మొహంలోకి చూస్తూ పడుకున్నాడు. అంతలో జనం పోగయ్యారు. మర ఆపేశారు. మర ఆగిపోయాక ఆ వీధి అంత నిశ్శబ్దంగా ఉంటుందని అప్పటిదాకా ఎవరికీ తెలియదు.

"కేక వెయ్యలేదా?" అని నాన్న పిట్టను నిలదీశాడు.

"వేశాను బాబాయ్. రెండుసార్లు అరిచాను. దాన్ని అడుగు."

నాన్న అక్కవైపు తిరిగాడు. "నీకు వినపడిందా?"

అక్క నాలుక ఊదారంగులో ఉంది. నోరు తెరిస్తే అందరూ చూస్తారు. పెదాలు బిగబట్టి, తల అడ్డంగా ఊపింది.

పిట్ట తల్లి ఆ మరలోనే జల్లెడ పట్టే మనిషి. ఉన్న పాటున వచ్చి, అందరి ముందూ కూతురి చెంప ఛెళ్ళుమనిపించింది. చెంప మీద అయిదు వేళ్ళూ పిండితో తెల్లగా దిగాయి. పిట్ట ఆ చెంప తుడుచుకోలేదు. అక్కవైపు చూస్తూ నిలబడింది. రెండు నెలలు తిరక్కుండానే మర యజమాని వాళ్ళమ్మను పనిలోంచి తీసేశాడు, వాళ్ళు సామాను సర్దుకుని వీధి వదిలేశారు.

తమ్ముడికి తుంటి ఎముక విరిగింది. అతుక్కుంది కానీ ఎడమకాలు రెండు వేళ్ళ మందం పొట్టిదైపోయింది. కూర్చుని చేసే పని కావాలి కాబట్టి గడియారాలు నేర్చుకున్నాడు. పెళ్ళి మాటలు రెండుసార్లు వచ్చి, వాడు లేచి నాలుగడుగులు వెయ్యగానే వెళ్ళిపోయాయి. "పోన్లే అక్కా, నాతో కలిసి నడిచే అమ్మాయి మెడ నొప్పెట్టేది, ఓసారి పైకీ ఓసారి కిందికీ చూడలేక" అని నవ్వేవాడు. వాడు నవ్విన ప్రతిసారీ అక్కకు తల పగలగొట్టుకోవాలనిపించేది.

ఏటా నేరేడు పళ్ళ కాలం వచ్చిందంటే తమ్ముడు ఒక పొట్లం కట్టించుకొచ్చి అక్క కుట్టుమిషను మీద పెట్టేవాడు. "మంచి పళ్ళక్కా. తిను." "నాకు పడవురా, గొంతు పట్టేస్తుంది" అనేది. "సర్లే" అని కాసేపు కూర్చుని వెళ్ళేవాడు. వాడలా కూర్చున్నప్పుడల్లా, ఈ ఏడు చెప్పేస్తాను అనుకునేది. మిషను గట్టిగా తొక్కుతూ ఉండిపోయేది. పోవడానికి వారం ముందు కూడా తెచ్చిపెట్టాడు. వాడటు వెళ్ళగానే అక్క ఆ పొట్లం పక్కింటివాళ్ళకు ఇచ్చేసింది.

*

గడియారం మనిషి ఓ గురువారం సాయంత్రం వచ్చింది. కండక్టరు చొక్కా, భుజాన తోలుసంచి, పొట్టిగా కట్టెపుల్లలాంటి మనిషి. గడప ఎక్కుతూనే, బస్సులో చివరి సీటుదాకా వినిపించే గొంతుతో, "గడియారం ఇచ్చెళ్ళానండీ, ఆకుపచ్చది. మా అమ్మకు జ్వరమొచ్చి ఇన్నాళ్ళూ రాలేకపోయాను. ఆయన లేరా?" అంది.

ఎవరో చెప్పనక్కర్లేకపోయింది. అక్క లేచి నిలబడింది. "వాడు లేడు. పోయాడు. నెల దాటింది."

ఆవిడ తోలుసంచి ఒళ్ళో పెట్టుకుని స్టూలు మీద కూలబడింది. గడియారాలు వెళ్ళిపోయి ఖాళీ మేకులు మిగిలిన గోడ వైపు చూసింది. తర్వాత అక్కవైపు.

"నువ్వు అక్కవి కదూ."

"పిట్టా," అంది అక్క. ఆ తర్వాత చెప్పాల్సింది నెల రోజులుగా బట్టీ పట్టి ఉంచుకుంది. తీరా ఇప్పుడు ఒక్కో మాటా విడివిడిగా వచ్చింది. "ఆ రోజు చెట్టు మీద... నువ్వు కేక వేశావు. నాకు... నా నోట్లో..."

"నేరేడు పళ్ళున్నాయి. తెలుసు."

"నీకెలా తెలుసు?"

"మీ తమ్ముడు చెప్పాడు. ఆరేళ్ళ కింద నా బస్సెక్కాడు. కాలు చూసి, ఎవరైనా లేచి సీటివ్వండమ్మా అని అరిచాను. ఆ అరుపుకే గుర్తుపట్టాడు. కింద పడి ఉన్నప్పుడు నువ్వు వాడి మీదికి వంగి ఏడ్చావట. నీ నాలుక వంకాయ రంగులో ఉందట."

"మరి నన్నెందుకు అడగలేదు? ఒక్కసారైనా..."

"నేనూ అదే అడిగాను. ఏటా పళ్ళు తెచ్చి దాని ముందు పెడుతున్నాను, ఏదో ఒక ఏడు తింటుంది, తిన్నరోజు చెప్తుంది, అన్నాడు. మా అక్క మంచిదే, నోరు తెరవడానికే టైము పడుతోంది అన్నాడు."

అక్క కుర్చీలో కూర్చుని చీర చెంగు నోట్లో కుక్కుకుంది. ఏటా ఒకటి చొప్పున ఇన్నేళ్ళ పొట్లాలు. ఒక్కటి విప్పి, ఒక్క పండు తింటే సరిపోయేది. ఏడుపు పొర్లుకొచ్చింది. పిట్ట ఓదార్చలేదు. ఓదార్చే పని ఆవిడది కాదు.

ఏడుపు కాస్త నెమ్మదించాక, "నన్ను క్షమించు," అంది అక్క.

"నేను ఆ తర్వాత చెట్టెక్కలేదు తెలుసా?" అంది పిట్ట. గొంతు పెంచలేదు కానీ మాట కటువుగానే వచ్చింది. "ముప్పయ్యేళ్ళ సర్వీసులో ప్రతి స్టాపూ రెండేసి సార్లు అరిచాను. వినపడిందా, వినపడిందా అని అడిగేదాన్ని. వెనకాల పిల్లలు నవ్వుకునేవాళ్ళు. క్షమించమంటే నా నోరు ఊ అంటుంది, అంతే. నాకు కావలసింది అది కాదు. మా అమ్మ ఉంది. ఎనభై ఆరేళ్ళు. ఇప్పటికీ నేనేదైనా మరిచిపోతే, నువ్వు మొదట్నుంచీ అంతేగా, ఓ పిల్లాడి కాలు పోగొట్టావు అంటుంది. నేను కేక వేశానంటే ఇప్పటికీ నమ్మదు. మీ తమ్ముడు వచ్చి చెప్తానన్నాడు. నేనే వద్దన్నాను. పడినవాడు చెబితే జాలికొద్దీ చెప్పాడనుకుంటుంది. నోరు మూసుకున్నవాళ్ళే వచ్చి తెరవాలి."

అక్క ఆకుపచ్చ గడియారం చేతిలోకి తీసుకుంది. "పద," అంది.

*

పిట్ట ఇల్లు నాలుగో అంతస్తులో. లిఫ్టు లేదు. పాతకాలపు చెక్కమెట్లు, ఒక్కళ్ళే పట్టేంత సందు. పిట్ట ముందు, అక్క వెనక. యాభై దాటిన ఇద్దరూ ఆయాసపడుతూ ఎక్కుతున్నారు. మూడో అంతస్తు మలుపులో పిట్ట ఒక మెట్టు దాటేసి, "ఇది ఊగుతుంది, కాలు పెట్టకు," అంది.

అక్క ఆ మెట్టు దాటింది. దాటి, వెనక్కి తిరిగి, "కాలు పెట్టకురా" అనబోయింది. వెనక ఖాళీ మెట్లు. ఆవిడ కాసేపు అక్కడే గోడ పట్టుకుని నిలబడాల్సివచ్చింది. పిట్ట పైమెట్టు మీద ఆగింది.

గది చిన్నది, శుభ్రంగా ఉంది. కిటికీ దగ్గర మంచం మీద ముసలావిడ కూర్చుని ఉంది. ఎవరొచ్చారని అడక్కముందే గడియారం కోసం చెయ్యి చాపింది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని అరచెయ్యి ఆనించి, కదలిక తెలిశాక తృప్తిగా తలూపింది.

"మరలో పనిచేసి చెవులు పోయాయి," అంది పిట్ట. "టిక్కుటిక్కు చేత్తో వింటుంది. నువ్వు గట్టిగా చెప్పాలి. చాలా గట్టిగా."

"ఎవరే వచ్చింది?" అంది ముసలావిడ.

అక్క మంచం దగ్గర నిలబడింది. "నేనండీ. పిండిమర వీధి. నేరేడు చెట్టు మీంచి పడ్డాడే, ఆ పిల్లాడి అక్కని."

"ఆఁ?"

అక్క ఇంకాస్త గొంతు పెంచింది. ముసలావిడ చెవి వెనక చెయ్యి పెట్టుకుంది. ఇంకా పెంచింది. తన గొంతు అంత పెద్దగా రాగలదని ఆవిడకు తెలియదు. పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ అలా అరవలేదు.

"ఆ పిల్లాడి అక్కని! మీ అమ్మాయి కేక వేసింది! ఎండు అని రెండుసార్లు అరిచింది! నాకు వినపడింది!" కింది అంతస్తులో ఏదో తలుపు తెరుచుకుంది. "నేనే మా తమ్ముడికి చెప్పలేదు! నోట్లో పళ్ళు దాచుకున్నాను! అవి బయటపడతాయని నోరు తెరవలేదు! మీ అమ్మాయి తప్పేమీ లేదు! నేనే! నేనే చెప్పలేదు!"

ఎదురు డాబా మీద బట్టలు తీసుకుంటున్న మనిషి ఆగి ఇటు చూసింది. ముసలావిడ మొహంలో మార్పేమీ రాలేదు. వినపడలేదేమోనని అక్క మళ్ళీ ఊపిరి తీసుకుంది. అంతలో ముసలావిడ కూతురి చెయ్యి పట్టుకుని కిందికి లాగి, పక్కన కూర్చోబెట్టుకుంది. ఆ మొహాన్ని ఇటూ అటూ తిప్పి చూసింది.

"ఏ చెంప మీద కొట్టానే?"

"గుర్తులేదమ్మా," అంది పిట్ట. తల్లికి అది వినపడలేదు. వినపడకపోయినా, ముడతలు పడ్డ చెయ్యి ముందు ఒక చెంపనూ తర్వాత రెండో చెంపనూ మెల్లగా తుడిచింది, అక్కడింకా పిండి ఉన్నట్టు. పిట్ట కళ్ళు మూసుకుంది.

తర్వాత ముసలావిడ అక్కవైపు తిరిగింది. ఆవిడ చూపులో కోపం లేదు.

"బుద్ధిమంతుడు ఆ పిల్లాడు. ఎప్పుడూ కిందికొమ్మే అని గోలపెట్టేవాడు. వాడికి చెప్పావా ఇదంతా?"

"లేదు," అంది అక్క.

ముసలావిడ చెవి వెనక చెయ్యి పెట్టుకుని ముందుకు వంగింది. "ఆఁ? ఏమిటీ? గట్టిగా చెప్పమ్మా."

అక్క ఆ మాటను మళ్ళీ, ఈసారి గట్టిగా చెప్పింది.